ఆ సంచి విప్పి చూడండి

ఓట్జీ మీద వచ్చిన వీడియో ఏదైనా తెరవండి. మొదటి ప్రశ్న ‘ఎవరు చంపారు?’ రెండోది ‘ఆ శాపం ఎంతమందిని మింగింది?’ సుమారు 5,300 ఏళ్ళ కింద ఆల్ప్స్ కొండల్లో బతికిన ఒక మనిషి మన చేతికి దొరికితే, ఆయన చావు గురించి తప్ప మరేమీ అడగం. ఎలా బతికాడని అడగం. ఏం తెలుసునని అడగం. ఈ ధోరణి మీద నాకు మండిపోయేంత కోపం ఉంది.

ఎందుకంటే ఆయన ఉత్త శవంగా దొరకలేదు. సామానుతో దొరికాడు. ఒంటిమీది బట్టలు, నడుముకు కట్టుకున్న సంచి, వీపున మోసిన చట్రం, చేతి పనిముట్లు దాదాపుగా అన్నీ మంచులో నిలిచాయి. ఈ మాట బరువేమిటో ఒక్క క్షణం ఆలోచించండి. సమాధుల్లో దొరికే వస్తువులు బతికున్నవాళ్ళు ఏరి పెట్టినవి. పోయినవాడి గౌరవానికీ, తమ పరువుకూ తగినవి చూసి మరీ పెడతారు. ఓట్జీ సామాను ఎవరూ ఏరి పెట్టింది కాదు. ఆ రోజు కొండెక్కిన మనిషి వెంట ఏం ఉందో అదే ఉంది. అరిగిపోయింది ఉంది, అతుకు వేసింది ఉంది, సగం చెక్కి ఆపింది ఉంది. రాత పుట్టని సమాజంలోని మామూలు మనిషి తన రోజు గురించి ఇంతకన్నా నిజాయితీగా ఇచ్చుకోగల వాంగ్మూలం లేదు. దాన్ని వదిలేసి మనం దెయ్యం కథలు చెప్పుకుంటున్నాం.

దొరికిన తీరు కూడా చెప్పాలి. 1991 సెప్టెంబరు 19న జర్మనీ నుంచి వచ్చిన హెల్మూట్, ఎరికా సైమన్ దంపతులు ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని టీసెన్‌యోఖ్ కనుమ దగ్గర, 3,210 మీటర్ల ఎత్తున, కరుగుతున్న మంచులో బోర్లా పడి ఉన్న దేహాన్ని చూశారు. ఈమధ్య కొండల్లో పోయినవాడేనని అంతా అనుకున్నారు. మర్నాడు గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లు తెచ్చి మంచు పగలగొట్టబోయి ఆయన ఎడమ తుంటిని చీల్చేశారు. తర్వాత మంచుగొడ్డళ్ళతో, స్కీ కర్రలతో పెకలించారు. మంచులో దిగబడి ఉన్న నిలువెత్తు కర్ర ఒకటి ఆ హడావుడిలో విరిగింది. అది ఆయన విల్లు. ఎలుగుబంటి తోలు టోపీ అయితే మరుసటి ఏడాది తవ్వకంలో గానీ బయటపడలేదు.

అయిదు రోజుల దాకా ఆ దేహం ఏ కాలానిదో తేల్చినవారు లేరు. సెప్టెంబరు 24న ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయ పురావస్తు ఆచార్యుడు కొన్రాడ్ స్పిండ్లర్ వచ్చి, పక్కన పెట్టిన గొడ్డలిని చూసి, కనీసం 4,000 ఏళ్ళ నాటిదన్నాడు. రేడియోకార్బన్ పరీక్షలు దాన్ని ఇంకా వెనక్కి, క్రీస్తుకు పూర్వం 3350, 3100 మధ్యకు తీసుకెళ్ళాయి. ఓట్జీ ఎవరో మొదట చెప్పింది ఆయన ఒళ్ళు కాదు, ఆయన గొడ్డలి. కథ మొదలైందే వస్తువుతో. అలాంటిది ఆ వస్తువులనే గాజు పెట్టెల్లో పక్కకు నెట్టి, చిన్న కిటికీలోంచి శవాన్ని చూడటానికి వరుసలు కడుతున్నాం.

సరే, నేను ఆయన సంచి విప్పుతాను.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రాగి గొడ్డలి కాదు. భూర్జ చెట్టు బెరడుతో కుట్టిన డబ్బా. అలాంటివి రెండు ఉన్నాయి. ఒకదానిలో బొగ్గు తునకలు దొరికాయి, వాటితోపాటు మేపుల్ ఆకులు. ఆ ఆకులు పచ్చిగా ఉన్నప్పుడు కోసినవి, తొడిమలు తీసేసినవి. నిప్పుకణికలను పచ్చి ఆకుల్లో చుట్టి డబ్బాలో పెడితే గంటల తరబడి ఆరిపోకుండా రాజుకుంటూనే ఉంటాయి. అంటే ఈ మనిషి నిప్పును వెంటబెట్టుకుని నడిచాడు. ఏ ఆకు తేమ నిప్పును చంపకుండా కాపాడుతుందో తెలుసు. తొడిమ ఉంటే చుట్టడానికి అడ్డమని తెలుసు. లోపల నిప్పు ఉన్నా డబ్బా అంటుకోకుండా ఎలా మోయాలో తెలుసు.

అక్కడితో ఆగలేదు. నడుము సంచిలో చెట్లకు పట్టే ఒక రకం పుట్టగొడుగును ఎండబెట్టి దూదిలా చేసి దాచుకున్నాడు. దానిమీద పైరైట్ రాయి జాడలు అంటుకుని ఉన్నాయి. దారిలో కణికలు ఆరిపోతే చెకుముకి కొట్టి కొత్త నిప్పు పుట్టించడానికి అది. ఒక ఏర్పాటు తప్పితే రెండోది సిద్ధం. మన పాఠ్యపుస్తకాల్లో ఆదిమానవుడి బొమ్మ గుర్తు తెచ్చుకోండి. మొలకు ఆకులు, చింపిరి జుట్టు, రెండు రాళ్ళు కొడుతూ నిప్పు పుట్టిందని నోరు తెరుచుకున్న ముఖం. ఆ బొమ్మ పిల్లలకు చెప్పే అబద్ధం చిన్నది కాదు. ‘వాళ్ళకు అనుకోకుండా తెలిసింది, మనకు చదివితే తెలిసింది’ అనే గర్వాన్ని అది పదేళ్ళ వయసులోనే నాటుతుంది. పెద్దయ్యాక అదే గర్వం అడవిలో బతికే మనుషుల మీదికి మళ్ళుతుంది. వాళ్ళ వైద్యం మూఢత్వమని, వాళ్ళ నేల ఖాళీ నేలని అనడానికి నోరు తిరుగుతుంది. ఆ బొమ్మ మీద నా పగ అందుకే.

ఆయన సామానులోంచే మరో వస్తువు తీస్తాను. లిండెన్ చెట్టు కొమ్మ ముక్క, చూడటానికి లావుపాటి పెన్సిల్‌లా ఉంటుంది. చెక్క మధ్యలో దుప్పికొమ్ము మొన దూర్చి ఉంది. ఆ మొనను నిప్పు మీద కాల్చి గట్టిపరిచారు. చెకుముకి రాతి పనిముట్ల అంచును ఒత్తి ఒత్తి, చిన్న చిన్న పెచ్చులు లేపి పదును పెట్టే సాధనం అది. కొమ్ము మొన అరిగితే చుట్టూ చెక్కను చెక్కుకుంటూ పోవడమే. ఇది పనిముట్లను బాగుచేసుకునే పనిముట్టు. ఇది వెంట ఉన్నవాడు ‘పాడైతే పారేద్దాం’ అనుకునేవాడు కాదు.

నిజంగానే పారేయలేదు. 2018లో ఉర్సులా వీరర్ బృందం ఆయన రాతి పనిముట్లన్నిటినీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. బాకు, గీకుడు రాయి, తొలిచే మొన, ఒక పెచ్చు, రెండు బాణపు ములుకులు. వాటిలో చాలావరకు మళ్ళీ మళ్ళీ పదును పెట్టి పెట్టి కురచబడిపోయాయి. యాష్ చెట్టు పిడి వేసిన బాకు మొన విరిగి ఉంది. రాయి ఒకే చోటిది కూడా కాదు, ఇప్పటి ఇటలీలోని ట్రెంటీనో వైపు వేర్వేరు చోట్ల నుంచి వచ్చింది. అరుగుదల జాడలను బట్టి ఆయన కుడిచేతి వాటం మనిషి. కొంతకాలంగా కొత్త రాయి దొరకలేదు, ఉన్నవాటినే సాగదీస్తున్నాడు.

ఇంత చిన్న రాతిముక్కలు ఇంత చెబుతున్నాయి. ఎక్కడివాళ్ళతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయో, ఏ చేత్తో పనిచేసేవాడో, చివరి వారాలు ఎంత ఇరుకుగా గడిచాయో. ఏ హంతకుడి పేరూ మనకింత చెప్పదు.

ఇప్పుడు విల్లు. యూ చెట్టు కర్ర, పొడవు 1.82 మీటర్లు. ఆయన ఎత్తు 1.60 మీటర్లు. తన తలను మించిన విల్లు చెక్కుకుంటున్నాడన్నమాట. గొడ్డలి గాట్లు ఇంకా కర్ర మీదే ఉన్నాయి. నునుపు చేయలేదు, నారి కట్టలేదు. అమ్ములపొదిలో 14 బాణాలుంటే ఈకలు, ములుకులతో పూర్తయినవి రెండే. తక్కిన 12 ఉత్త పుల్లలు. అదే పొదిలో జంతువుల నరాలతో పేనిన 2 మీటర్ల తాడు చుట్ట, కొన్ని దుప్పికొమ్ము మొనలు ఉన్నాయి. ఇది పనిలో ఉన్న మనిషి సంచి. విల్లూ బాణాలూ చేతిలో రూపు దిద్దుకుంటుండగానే ప్రాణం పోయింది.

ఎడమ భుజంలో దిగిన బాణపు ములుకు 2001లో ఎక్స్‌రేలో కనిపించింది. వెనక నుంచి కొట్టారు. చావుకు కొన్ని రోజుల ముందే కుడిచేతికి లోతైన గాయం అయింది. అవును, ఇది హత్యే, దాన్ని దాచమని నేను అనను. కానీ ఆ హత్యనైనా అర్థం చేసుకోవాలంటే దేన్ని అడగాలి? విరిగిన బాకునూ, అరిగిన రాళ్ళనూ, పూర్తికాని విల్లునూ అడగాలి. గాయపడిన కుడిచేత్తో కుడిచేతి వాటం మనిషి ఆ విల్లును ఎలా చెక్కి ఉంటాడో అడగాలి. ‘ప్రపంచపు అతి పాత హత్య కేసు’ అని అరిచే గొంతులు ఈ ప్రశ్నల దగ్గరికి రావు. వాటికి కావాల్సింది నెత్తురు.

ఒంటరి వేటగాడు అనే బొమ్మ కూడా ఆ గొంతులే చెక్కాయి. మంచులో ఒక్కడే, అడవి మృగాల తోళ్ళు కప్పుకుని, లోకంతో పనిలేని మనిషి. బట్టలు దీన్ని తుడిచిపెట్టేశాయి. 2016లో ఆ తోళ్ళ డీఎన్‌ఏ పరీక్షించారు. కోటు మేక, గొర్రె తోళ్ళది. కాళ్ళ తొడుగులు మేకతోలు, గోచి గొర్రెతోలు, చెప్పు తాడు ఆవుతోలు. టోపీ మాత్రం ఎలుగుబంటిది, అమ్ములపొది అడవి జింకది. అంటే ఆయన ఒంటిని కప్పింది ప్రధానంగా పెంపుడు జీవాల మంద. వెనక ఒక కొట్టం ఉంది, మందను మేపేవాళ్ళున్నారు. కడుపులో ఐన్‌కార్న్ గోధుమ దొరికింది, అంటే పొలం ఉంది, కోత ఉంది, దంచేవాళ్ళు ఉన్నారు. కొండమేక మాంసం, దుప్పి మాంసం కూడా దొరికాయి, అంటే వేటా ఉంది. పశువులు కాసే ఇల్లు, సేద్యం చేసే ఇల్లు, వేటాడే ఇల్లు, మూడూ ఒకటే ఇల్లు.

ఆ కోటును ఇంకొంచెం దగ్గరగా చూడండి. లేత, ముదురు రంగుల తోలు పట్టీలను పక్కపక్కన పెట్టి కుట్టారు. చలికి అయితే ఏ రంగైనా ఒకటే. ఆ రంగుల వరస ఎవరికో అందంగా అనిపించింది కాబట్టే అలా పెట్టారు. కుట్టు జంతువుల నరాలతో వేసింది, పొందికైనది, చేయి తిరిగినవాళ్ళు వేసింది. కానీ కొన్నిచోట్ల చిరుగులను గడ్డిపోచలతో గబగబా మోటుగా కుట్టారు. మొదటి కుట్టు తీరిక చిక్కిన చేతిది, రెండోది దారిలో అవసరం పడ్డ చేతిది. బహుశా రెండోది ఆయనదే. మొదటిది వేసిన మనిషి పేరు మనకు ఎప్పటికీ అందదు, పనితనం మాత్రం అందింది. ఓట్జీ కథ చెప్పే సినిమాల్లో ఆ కుట్టుపనికి ఒక్క నిమిషం ఎందుకు ఉండదు? చంపే చేతికి అంత చోటిచ్చి, కుట్టే చేతిని ఎందుకు తుడిచేస్తారు? సూది పట్టినవాళ్ళ శ్రమను చరిత్ర కాదనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటునే 5,000 ఏళ్ళ వెనక్కి కూడా మోసుకెళుతున్నాం.

చెప్పులూ అంతే. అడుగున ఎలుగుతోలు, పైన దుప్పితోలు, లోపల లిండెన్ నార వల, ఆ వలలో కూరిన ఎండుగడ్డి. గడ్డి కాలిని వెచ్చగా ఉంచుతుంది, వల ఆ గడ్డిని జారనివ్వదు. చెక్ దేశానికి చెందిన పాదరక్షల నిపుణుడు పెటర్ హ్లావాచెక్ అలాంటివే తయారుచేయించి, వేసుకుని మంచు కొండల్లో నడిచి చూశాడు. పనిచేశాయి.

చెట్లను ఆయన ఎంచుకున్న తీరు చూస్తే నాకు గౌరవంతో చేతులు జోడించాలనిపిస్తుంది. వంగి తిరిగి నిలిచే యూ కర్ర విల్లుకూ గొడ్డలి కామకూ. దెబ్బకు ఓర్చుకునే యాష్ బాకు పిడికి. నిటారుగా పెరిగే వైబర్నమ్ పొద కొమ్మలు బాణాలకు. వంచితే వంగే హేజెల్ కర్ర వీపు చట్రానికి, దానికి అడ్డంగా లార్చ్ పలకలు. నీరు ఇంకని భూర్జ బెరడు డబ్బాలకు. నార తీయడానికి లిండెన్. ఏ పనికి ఏ చెట్టు, ఏ భాగం అన్న ఎంపికలో ఎక్కడా తడబాటు లేదు. ఇది ఒక్కడికి ఒక్క జన్మలో వచ్చే జ్ఞానం కాదు. చూపించినవాళ్ళు ఉండాలి, తప్పు చేస్తే చేయి పట్టుకుని దిద్దినవాళ్ళు ఉండాలి. దాన్ని చదువు అనకపోతే మరి దేన్ని అంటాం?

రాగి గొడ్డలి దగ్గరికి ఇప్పుడు వస్తాను, ఎందుకంటే దాని చుట్టూ కూడా కథలు అల్లారు. 9.5 సెంటీమీటర్ల అలుగు, దాదాపు స్వచ్ఛమైన రాగి. భూర్జ జిగురుతో అతికి, తోలు పట్టీతో బిగించారు. ఆ రాగి వందల కిలోమీటర్ల దూరంలోని దక్షిణ టస్కనీ ఖనిజం నుంచి వచ్చిందని 2017లో తేలింది. కాబట్టి ఆయన గొప్ప నాయకుడని ఒకరంటే, ఆయన ఆస్తిపరుడని మరొకరు అంటారు. కావచ్చు. కానీ ఆ గొడ్డలి పూజలో పెట్టుకున్న వస్తువు కాదు, పనికి వాడిన గొడ్డలి. నాకు అందులో కనిపించేది హోదా కన్నా దారి. ఎక్కడో ఖనిజం తవ్వినవాళ్ళు, కరిగించినవాళ్ళు, చేతులు మారుస్తూ ఉత్తరానికి మోసుకొచ్చినవాళ్ళు. అలుగు రాగి టస్కనీది, కామ ఆల్ప్స్‌ది. ఊరు దాటి లోకం తెలియని జనమని వాళ్ళను తీసిపారేసేవాళ్ళు ఈ ఒక్క గొడ్డలికి జవాబు చెప్పాలి.

శాపం గురించి రెండే మాటలు. 2004లో హెల్మూట్ సైమన్ కొండల్లో పడి పోయాడు. 2005లో స్పిండ్లర్ జబ్బుతో పోయాడు. మరికొందరి పేర్లు కూడా జాబితాలో కలిపారు. ఓట్జీ మీద పనిచేసినవాళ్ళు వందల మంది. అంతమందిలో పది పదిహేనేళ్ళలో కొందరు పోకుండా ఉండటమే వింత. ఆ చావులకు, తనను వెనక నుంచి కొట్టి చంపితే పడిపోయిన ఒక నడివయసు మనిషిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం.

వస్తువుకు దాని చోటు ప్రాణం. తన సామానును ఓట్జీయే జాగ్రత్తగా ఒక పక్కన పెట్టుకున్నాడని, ఆ గుంటలోనే చనిపోయాడని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. 2022లో లార్స్ పీలో బృందం దాన్ని తిరగదోడింది. మంచు కరిగినప్పుడల్లా దేహమూ వస్తువులూ జారి ఆ గుంటలోకి చేరాయని, కొన్ని విరుగుళ్ళు మంచు ఒత్తిడివేనని వాదించింది. ఏ వస్తువు ఎక్కడ, దేని పక్కన, ఏ లోతున పడి ఉందో రాసి పెట్టుకున్నారు కాబట్టే ఈ వాదన ఇప్పటికీ సాగుతోంది. ఆ మొదటి రోజుల్లో డ్రిల్లు పెట్టి పెకలించిన చోట మాత్రం అలా అడిగే వీలు కొంత శాశ్వతంగా పోయింది.

ఇక్కడే నా కోపం ఆల్ప్స్ నుంచి ఇంటికి వస్తుంది. తెలంగాణలో, ఆంధ్రలో ఎన్ని ఊళ్ళ చుట్టూ రాకాసి గుళ్ళని, పాండవుల గుళ్ళని పిలిచే రాతి సమాధులున్నాయో మీకు తెలుసు. 2,000 నుంచి 3,000 ఏళ్ళ నాటి మనుషుల ఇనుప యుగపు సమాధులు అవి. లోపల నలుపు, ఎరుపు కుండలు, ఇనుప కొడవళ్ళు, గొడ్డళ్ళు, పూసలు ఉంటాయి. మన నేల మంచు కాదు. తోలును తినేస్తుంది, గడ్డిని తినేస్తుంది, ఆకును తినేస్తుంది. మిగిలేవి మట్టి, రాయి, ఇనుము, ఎముక. అంత తక్కువ మిగిలినప్పుడు ఏ కుండ తల దగ్గర ఉంది, ఏది కాళ్ళ దగ్గర ఉంది, దాని అడుగున అంటిన మసి ఏ గింజది అన్నదే సర్వస్వం. అలాంటి చోట గుప్తనిధుల పేరు చెప్పి అర్ధరాత్రి గడ్డపారలు దిగుతాయి. బంగారం లేదని కుండలు పగలగొట్టి, ఎముకలు విసిరేసి పోతారు. పగటిపూట ప్రొక్లెయినర్లు వచ్చి చదును చేస్తాయి. హైదరాబాద్‌లోని హష్మత్‌పేట సమాధులను నగరం నాలుగు పక్కల నుంచీ నొక్కేసింది. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి, సంతోషం. జాబితాకు ఎక్కని ఊళ్ళ సంగతి ఎవరు అడుగుతారు?

మన చట్టం చూపు కూడా నిధి మీదే. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. రూపాయల్లో కొలిస్తే ఎండిన మేపుల్ ఆకు విలువెంత? గడ్డిపోచతో వేసిన అతుకు విలువెంత? ఓట్జీ మన పొలంలో దొరికి ఉంటే గొడ్డలి ఒక్కటే లెక్కకు వచ్చేది, తక్కినదంతా చెత్తకుప్పకు పోయేది. తెలుగు నేల మీద ఇప్పటిదాకా ఎన్ని జీవితాలు అలా చెత్తకుప్పకు పోయి ఉంటాయో తలచుకుంటే నిద్ర పట్టదు.

కాబట్టి సర్పంచులను, తహసీల్దార్లను, రోడ్డు గుత్తేదార్లను, బడి పంతుళ్ళను అడుగుతున్నాను. మీ ఊరి రాకాసి గుళ్ళు ఎన్నో ఈ వేసవిలో లెక్కపెట్టండి. సర్వే నంబరుతో సహా రాసి పంచాయతీ గోడ మీద అతికించండి. అక్కడ యంత్రం దిగబోతోందంటే పురావస్తు శాఖకు రాతపూర్వకంగా చెప్పి, నకలు దాచుకోండి. వాళ్ళు వచ్చే లోపు రాత్రిళ్ళు కాపలా పెట్టండి. కుండ పెంకు పైకి తేలి కనిపిస్తే ఫోటో తీయండి, పక్కన కొలబద్ద పెట్టి తీయండి, దిక్కు రాయండి. చేత్తో మాత్రం కదపకండి.